పదిహేడు చోట్లు వద్దు లావణ్యా

చి. ల. సౌ. లావణ్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాను రెండుసార్లు చదివాను. తొమ్మిది రోజులు. నేపాల్, భూటాన్, మధ్యలో సిక్కిం. వేళ్ళ మీద లెక్కపెడితే పదిహేడు పేర్లు వచ్చాయి. అల్లుడుగారు చాలా శ్రద్ధగా తయారుచేశారని చూస్తేనే తెలుస్తోంది. అయినా అటు మూడుసార్లు వెళ్ళొచ్చినదాన్ని కనుక ఉన్నమాట చెప్తాను. ఈ లెక్కన వెళ్తే మీరు ఎక్కువగా చూసేది కారు కిటికీలోంచి రోడ్డే.

మొదటిసారి మేమూ అలాగే వెళ్ళాం. ఒక ఏజెంటు మా పన్నెండుమందినీ ఖాట్మండూలో ఒక్క రోజులో ఆరు చోట్లకు తిప్పాడు. ఇంటికొచ్చాక ఫోటోలు ముందేసుకుంటే ఏ గుడి ఎక్కడిదో చెప్పలేకపోయాను. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పి, పిల్లలకు బోర్డు మీద గీసి చూపించిన ఊళ్ళో నిలబడి కూడా ఏమీ చూడకుండా వచ్చేశానే అని చాన్నాళ్ళు బాధ పడ్డాను. మీ పెదనాన్న పోయిన రెండో ఏడు ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. ఖాట్మండూ పక్కనే ఉన్న పాటన్‌లో ఒకే గదిలో వారం రోజులున్నాను. మూడోసారి భూటాన్. ఇప్పుడు నీకు రాసేది చాలావరకు ఆ రెండు ప్రయాణాల్లో తెలుసుకున్నదే.

ముందు సిక్కిం తీసెయ్. 1975 దాకా అదీ వేరే రాజ్యమే, చూడదగ్గదే. కానీ ఇప్పుడు మన రాష్ట్రం, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. పైగా నువ్వు రాసిన నాథులా కనుమ పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. బీపీ ఉన్న మీ అమ్మను హడావుడిగా అంత పైకి తీసుకెళ్ళొద్దు. సెలవు ఇంకో మూడు రోజులు పెంచుకోగలిగితే ఖాట్మండూ లోయలో ఆరు రోజులు, భూటాన్‌లో ఐదు రాత్రులు సరిపెట్టుకో. పెంచుకోలేకపోతే భూటాన్ కూడా వదిలేసి నేపాల్ ఒక్కటే చూడు. ఇందులో మొహమాటం పడకు.

జూలై అన్నావు, వద్దే వద్దు. వానాకాలంలో కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతాయి, మంచుకొండలు మబ్బుల్లోంచి బయటికి రావు. అక్టోబరు చివరి నుంచి నవంబరు ఆఖరు దాకా ఆకాశం కడిగిన అద్దంలా ఉంటుంది. మన దసరాను వాళ్ళు దశైం అంటారు. ఆ రోజుల్లో అందరూ సొంతూళ్ళకు పోతారు, బస్సుల్లో చోటుండదు, దుకాణాలు మూతపడతాయి. అది దాటాక బయల్దేరండి.

కాగితాల విషయం. నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు కానీ ఆధార్ కార్డు చూపిస్తే చాలనుకోవద్దు. మా బృందంలో ఒకావిడ అలాగే నమ్ముకుని వచ్చింది, విమానం ఎక్కనివ్వలేదు. ఆవిడ సూట్‌కేసు పట్టుకుని వెనక్కి నడిచి వెళ్ళడం ఇప్పటికీ నా కళ్ళ ముందుంది. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి. ముగ్గురికీ పాస్‌పోర్టులే తీయించు, గొడవ ఉండదు. మన వంద రూపాయలకు అక్కడ నూట అరవై. వంద నోట్లు కట్టలుగా ఉంచుకో, పెద్ద నోట్లు అన్నిచోట్లా తీసుకోకపోవచ్చు. భూటాన్ డబ్బు మన రూపాయితో సమానమే. కానీ అక్కడ ఉన్న ప్రతి రాత్రికీ మనిషికి 1,200 రూపాయలు ప్రభుత్వానికి కట్టాలి. మీ ముగ్గురికి ఐదు రాత్రులకు 18,000. అల్లుడుగారి లెక్కలో అది కనపళ్ళేదు. గడియారాలు కూడా మార్చుకోండి. నేపాల్ మనకంటే పావుగంట ముందు, భూటాన్ అరగంట ముందు.

ఇక పశుపతినాథుడు. మీ అమ్మ ఎన్నేళ్ళుగానో అనుకుంటున్న దర్శనం, దీన్ని హోటలుకు వెళ్ళే దారిలో పెట్టకు. తెల్లవారుజామున వెళ్ళండి. లోపలికి హిందువులనే రానిస్తారు. తోలు బెల్టు, తోలు పర్సు గదిలోనే వదిలిపెట్టమని అల్లుడుగారికి చెప్పు. ఫోటోలు కూడదు. నాలుగు ముఖాల లింగం, ఎదురుగా మనిషి ఎత్తు దాటిన బంగారు రంగు నంది. ప్రధాన అర్చకులు కర్ణాటక నుంచి వెళ్ళిన భట్టులు. తరతరాలుగా అక్కడ పూజ దక్షిణాది వాళ్ళదే. లోపల మంత్రం వింటుంటే మనూరి శివాలయంలో ఉన్నట్టే ఉంటుంది.

గుడి వెనకే బాగ్మతి నది, ఒడ్డున ఆర్యఘాట్. చితులు పగలూ రాత్రీ కాలుతూనే ఉంటాయి. అవతలి ఒడ్డున మెట్లున్నాయి, జనం కూర్చుని చూస్తారు. నేనూ కూర్చున్నాను. ఇరవై దాటని ఒక కుర్రాడు, అప్పుడే గుండు చేయించుకున్నట్టుంది, తెల్ల గుడ్డ కట్టుకుని తండ్రి చుట్టూ తిరుగుతున్నాడు. మూడో చుట్టులో కాలు తడబడింది. పక్కన ఉన్న పెద్దాయన మోచెయ్యి పట్టుకుని మెల్లగా నడిపించాడు. సరిగ్గా అప్పుడే నా పక్క మెట్టు మీద ఎవరో పొడుగాటి లెన్సు తిప్పి క్లిక్ క్లిక్‌మని తీస్తున్నారు. అంతకుముందు మీ పెదనాన్న చితి దగ్గర మన శ్రీనూ అలాగే తడబడ్డాడు. ఆ రోజు ఎవరైనా ఫోటో తీసి ఉంటే నేను ఊరుకునేదాన్నా? అందుకే చెప్తున్నాను, ఘాట్ దగ్గర ఫోను సంచీలో పెట్టెయ్. దూరం నుంచి కూడా తీయొద్దు. కూర్చుని చూడు, నమస్కారం పెట్టుకుని లేచి వచ్చెయ్.

బస మాత్రం ఖాట్మండూ నడిబొడ్డున వద్దు. పాటన్‌లోనో భక్తపూర్‌లోనో పాత రాజవాడకి నడిచే దూరంలో గది తీసుకో. పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ చౌకులు టూరిస్టులవి, మిగతా వేళల్లో ఊరివాళ్ళవి. నువ్వు చూడాల్సింది ఆ మిగతా వేళలే. పాటన్ చౌకులో నేల మట్టానికి దిగువన మంగ హిటి అని ఒక జలధార ఉంది. మెట్లు దిగాలి. మొసలి నోళ్ళలా చెక్కిన రాతి తూముల్లోంచి నీళ్ళు పడుతుంటాయి. ఆరో శతాబ్దంలో కట్టింది. నేను పొద్దున్నే ఐదున్నరకి శాలువా కప్పుకుని వెళ్తే ఆడవాళ్ళు బిందెలతో వరసలో ఉన్నారు. ఒకావిడ బిందె నిండాక దోసెడు నీళ్ళు పట్టి ముందు ఆ రాతి మొసలి నుదుటి మీద చల్లింది, తర్వాత తన కళ్ళకద్దుకుంది. ఆ రాయి నుదురు అరిగి నున్నగా మెరుస్తోంది. ఎన్ని చేతులు తగిలాయో. పది గంటలకు వచ్చినవాళ్ళకు అక్కడ కనిపించేది ఖాళీ గొయ్యి.

దానికి దగ్గర్లోనే కృష్ణ మందిరం, 1637లో సిద్ధినరసింహ మల్ల రాజు కట్టించాడు. అంతా రాయే. మొదటి అంతస్తు చుట్టూ మహాభారతం, రెండో అంతస్తు చుట్టూ రామాయణం జానెడు బొమ్మలుగా చెక్కారు. గైడు అక్కర్లేదు, మీ అమ్మే కథ చెప్పేస్తుంది. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. దాదాపు అదే ఏడు భూటాన్‌లో పునాఖా జోంగ్ అనే కోట కట్టడం మొదలైంది. అప్పుడు మన గోల్కొండలో అబ్దుల్లా కుతుబ్ షా ఏలుబడి. ఒకే కాలంలో ఎక్కడెక్కడ ఎవరెవరు ఏం కడుతున్నారో పక్కపక్కన పెట్టుకుంటే ప్రయాణం తీరే మారిపోతుంది.

2015 ఏప్రిల్ 25 భూకంపంలో ఆ లోయలో ఎన్నో గుళ్ళు కూలాయి. ఖాట్మండూకి పేరిచ్చిన కాష్ఠమండపం కూడా నేలమట్టమైంది. మళ్ళీ కట్టుకున్నారు. గుళ్ళ చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన దేవతల చెక్కలు చూడు. కొన్ని నల్లగా, కొన్ని లేత తేనెరంగులో ఉంటాయి. నల్లవి శిథిలాల్లోంచి ఏరి తెచ్చుకున్నవి, లేతవి కొత్తగా చెక్కినవి. ఆ పని చేతుల్లో ఉన్న నేవార్ వడ్రంగులు, అంటే ఆ లోయ పాతకాపులు, ఇంకా ఉండబట్టి సరిపోయింది. భక్తపూర్‌లో 1702 నాటి ఐదంతస్తుల న్యాతపోల గుడి మాత్రం 1934 భూకంపానికీ దీనికీ కూడా నిలబడింది. దాని మెట్లకు అటూ ఇటూ మల్లయోధుల విగ్రహాలు, వాళ్ళపైన ఏనుగులు, సింహాలు. పైమెట్టు మీద ఉన్నవాళ్ళకు కింది మెట్టువాళ్ళకంటే పదిరెట్లు బలమట. భక్తపూర్‌లో ఒక రాత్రి ఉండండి. మట్టి మూకుళ్ళలో తోడుపెట్టిన తియ్యటి పెరుగు అమ్ముతారు, జుజు ధౌ అంటారు, రాజపెరుగు అని అర్థం. మూకుడు నీటిని పీల్చేసి పెరుగు గట్టిగా కోతకొస్తుంది.

తిండి దగ్గర మీ అమ్మకు భయమక్కర్లేదు. అన్నం, పప్పు, కూర, పచ్చడి రెండు పూటలా దొరుకుతాయి, అడిగినకొద్దీ వడ్డిస్తారు. నేవార్లు వో అని ఒకటి వేస్తారు, అచ్చం మన మినపరొట్టె. మోమోలు కొనేముందు మాత్రం అడుగు. 'బఫ్' అన్నారంటే గేదె మాంసం.

బౌద్ధనాథ్ స్తూపానికి సాయంత్రం వెళ్ళండి. మన ప్రదక్షిణలాగే కుడిచెయ్యి స్తూపం వైపు ఉండాలి. ఎదురు తిరక్కండి, జనం నొచ్చుకుంటారు. మూడు చుట్లు తిరిగి ఒక మూల కూర్చోండి.

అక్కడ తంకాల దుకాణాలు వరసగా ఉంటాయి, గుడ్డ మీద వేసిన బౌద్ధ దేవతల బొమ్మలు. మొదటి రోజు కొనకు. దగ్గరికి తీసుకుని దేవత కళ్ళు చూడు, బట్టల అంచున బంగారు గీత చూడు. చేత్తో వేసిన గీత ఒకచోట సన్నంగా, ఒకచోట లావుగా నడుస్తుంది. అచ్చు వేసినదైతే అంతా ఒకే తీరు. పాతకాలం విగ్రహం అని ఎవరైనా చూపిస్తే చెయ్యి పెట్టొద్దు. వందేళ్ళు దాటినవి దేశం దాటించడం నేరం. గుళ్ళలోంచి దొంగిలించి అమ్మిన దేవుళ్ళ కోసం ఆ ఊళ్ళవాళ్ళు ఇప్పటికీ ఎదురుచూస్తున్నారు.

ఖాట్మండూ నుంచి భూటాన్‌లోని పారోకి విమానం ఉంది. ఎడమవైపు కిటికీ సీటు అడుగు, ఎవరెస్టు ఆ వైపే. పారోలో కొండల మధ్య పగలు మాత్రమే దిగుతారు, మబ్బు పడితే ఆలస్యమవుతుంది. అందుకే ఆ రోజు ఇంకేమీ పెట్టుకోవద్దు.

భూటాన్‌లో మనిషిని పిలిస్తే చివర 'లా' అంటారు, మన 'అండి' లాంటిది. 'కుజుజాంగ్‌పో లా' అంటే నమస్కారమండి. ఆ ఒక్క మాట మీ అమ్మకు నేర్పు. జోంగ్‌లలోకి పొడుగు చేతులు, పూర్తి ప్యాంటు ఉండాలి, టోపీ తీసెయ్యాలి. జోంగ్ అంటే కోట, మఠం, కలెక్టరాఫీసు అన్నీ ఒకేచోట. వాళ్ళు అక్కడికి పనిమీద వస్తారు, భుజాన ఉత్తరీయం లేనిదే అడుగు పెట్టరు. మనం చూడ్డానికి వచ్చాం కదా అని బనీన్లతో వెళ్ళకూడదు. పునాఖా తప్పించొద్దు. ఫో చూ, మో చూ అని రెండు నదులు, మగ ఏరు, ఆడ ఏరు, కలిసేచోట ఉంది.

తక్త్సంగ్ పులిగుహ మఠానికి మీ అమ్మ పూర్తిగా ఎక్కడం కష్టం. పదివేల అడుగుల పైన ఉంది, చివర్లో వందల మెట్లు దిగి మళ్ళీ ఎక్కాలి. గుర్రాలు సగం దాకానే, దిగేటప్పుడు అవీ ఉండవు. సగం దారిలో ఉన్న ఫలహారశాల నుంచే మఠం ఎదురుగా కనిపిస్తుంది. తనను అక్కడ కూర్చోబెట్టి మీరిద్దరూ వెళ్ళిరండి, లేదా మీరూ అక్కడే ఆగండి. బౌద్ధ గురువు పద్మసంభవుడు ఆడపులి మీద ఎగిరొచ్చి ధ్యానం చేశాడని నమ్మే గుహ అది. 1998లో కాలిపోతే మళ్ళీ కట్టారు.

ఇంకో మాట, ఇది మనకే సంబంధించింది. అక్కడి గుళ్ళ గోడల మీద తల వెనక పాముపడగలున్న భిక్షువు బొమ్మ కనిపిస్తుంది. మా గైడు లుద్రుప్ అని పేరు చెప్పాడు. ఆయనే మన నాగార్జునుడు. ఆయన పేరు మోసే కొండ మా పక్కనే, కృష్ణానదిలో ఉందని చెప్తే అతను కాసేపు మాట్లాడకుండా నిలబడి, తర్వాత లోపలికెళ్ళి ముసలి లామా ఒకాయన్ను తీసుకొచ్చాడు. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని ఏదో అడిగారు. గైడు హిందీలో చెప్పాడు, ధాన్యకటకం చూశావా అని అడుగుతున్నారట. మన అమరావతి! బుద్ధుడు కాలచక్రమనే ఉపదేశం చేసింది అక్కడేనని వాళ్ళ నమ్మకం. 2006లో దలైలామా వచ్చి కాలచక్ర క్రతువు జరిపింది అందుకే. అరగంట బస్సు ప్రయాణంలో ఉన్న ఊరు, నేను చూసింది రెండేసార్లు. మీరు బయల్దేరేలోపు ఒక ఆదివారం అమరావతి, వీలైతే నాగార్జునకొండ వెళ్ళిరండి. అది చూసి వెళ్ళినవాళ్ళకు అక్కడి గోడలు పరాయివి కావు.

శరదృతువులో పారోలో రేకుల కప్పుల మీద ఎర్రగా ఎండుమిరప ఆరబోసి ఉంటుంది, మన కల్లాలు గుర్తొస్తాయి. వాళ్ళకు మిరపకాయ కారం కాదు, కూర. జున్నులాంటి చీజ్ వేసి వండుతారు, ఎమా దత్షి అంటారు. గుంటూరు వాళ్ళం కదా అని అల్లుడుగారిని మొదటి ముద్దే గట్టిగా తిననివ్వకు.

మీ అమ్మ మోకాలి పట్టీలు, బీపీ మాత్రలు పన్నెండు రోజులకు కాదు, ఇరవై రోజులకు పెట్టు. వాటి చీటీ కూడా. బౌద్ధనాథ్‌లో వెన్నదీపాలు వెలిగిస్తారు, మీ పెదనాన్న పేరున ఒకటి పెట్టు. కొత్త ప్లాను ఆదివారం లోపు పంపు. ఎనిమిది పేర్లకు మించి కనిపిస్తే నేనే ఫోన్ చేస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ