పాస్తా సంగతి సరే, అత్తగారు లోపలి గదిలో ఎందుకున్నారు?

ప్రశ్న: మాది ఉద్దానం, పలాస దగ్గర పల్లె. ఆయనదీ మా పక్క ఊరే. అత్తగారు జీడి పిక్కలు ఒలిచి ఆయన్ని డిగ్రీ దాకా చదివించారు. ఇప్పుడు ఉద్యోగం మీద విజయనగరంలో ఉంటున్నాం. వచ్చే ఆదివారం ఆయన ఆఫీసు కుటుంబాలన్నీ కలిసి తాటిపూడి రిజర్వాయరు దగ్గర కార్తీక వనభోజనాలు పెట్టుకున్నాయి. ఇంటికో వంటకం. నన్ను అడక్కుండానే ఆయన మా పేరున పాస్తా సలాడ్ రాయించేశారు. నిరుడు నేను ఆవ పెట్టిన అరటికాయ కూర తీసుకెళ్తే గిన్నె ఖాళీ అయింది గానీ, తిరిగొచ్చేటప్పుడు కారులో "ఆ పల్లెటూరి కూరలేంటి, పరువు పోయింది" అన్నారు. నలుగురిలో నాకు మన యాస వస్తే మోచేత్తో పొడుస్తారు. అత్తగారు మా ఇంట్లో ఉన్నప్పుడు ఆఫీసు వాళ్లొస్తే ఆవిడ్ని లోపలి గదిలో ఉండమంటారు. మనిషి మంచివారే, మా మంచికే చెబుతారు. పాస్తా సలాడ్ నేనెప్పుడూ చేయలేదు. మయోనైజ్ వేయాలా? మధ్యాహ్నం దాకా పాడవకుండా ఉంటుందా? ఒకటే టెన్షన్‌గా ఉంది.
- ఒక సోదరి, విజయనగరం

జవాబు: మీరు అడిగింది చిన్న పని, ముందు అది చెప్పేస్తాను. పెన్నె లాంటి పొట్టి పాస్తా తీసుకోండి. ఉప్పు వేసిన నీళ్లు బాగా మరిగాక వేసి, ప్యాకెట్ మీద ఉన్న టైము కంటే ఒక నిమిషం ఎక్కువ ఉడికించండి, చల్లారితే గట్టిపడుతుంది. వార్చి, చన్నీళ్లతో కడిగి, తడి ఆరాక కాస్త నూనె పట్టించండి. మయోనైజ్ జోలికి పోవద్దు. మామూలుగా అది గుడ్డు సొనతో చేసేది, కార్తీక వనభోజనాల్లో చాలామంది ముట్టరు. పైగా ఎండలో గంటల తరబడి ఉంచేది కాదు. తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్ల మయోనైజ్‌ను 2024 అక్టోబరు చివర్లో ఏడాదిపాటు నిషేధించింది కూడా. నిమ్మరసం, నూనె, మిరియాల పొడి, ఉప్పు ఒక సీసాలో గిలక్కొట్టి విడిగా పట్టుకెళ్లండి. ముందే కలిపితే పాస్తా పీల్చేసుకుని పొడిబారుతుంది. కీరా, టమాటా, క్యాప్సికం ముక్కలతో పాటు వడ్డించే ముందు కలపండి. ఉల్లిపాయ వద్దు, ఈ నెలంతా మానేసేవాళ్లుంటారు. మీ ఊరి జీడిపప్పు వేయించి పైన వేయండి. అంతే.

చదువుతూ నేను ఆగిపోయింది అత్తగారి దగ్గర. జీడి పిక్కలు ఒలిచే ఆడవాళ్ల చేతులు నేను చూశాను. పెంకులోని సొన తగిలి వేళ్లు నల్లబడతాయి, చర్మం పొక్కి ఊడుతుంది. బూడిద రాసుకుని మళ్లీ పనిలో కూర్చుంటారు. ఆ కూలి డబ్బుతో చదువుకున్న కొడుకు, ఆ చేతులు ఆఫీసు వాళ్ల కంట పడకూడదని తల్లిని లోపల కూర్చోబెడుతున్నాడు. ఇది మంచితనం ఎలా అవుతుందమ్మా? మీ కూర, మీ యాస, ఆ తల్లి, అన్నీ ఆయనకు ఒకటే. తాను ఎక్కడి నుంచి వచ్చాడో ఎవరికీ తెలియకూడదు. మీరు పాస్తా ఎంత గొప్పగా చేసినా ఆ సిగ్గు పోదు. రేపు మీ చీర కట్టు బాగోలేదంటారు, ఎల్లుండి మీ పుట్టింటివాళ్లు రావొద్దంటారు.

మిమ్మల్నీ ఒక మాట అనాలి. అత్తగారిని లోపల ఉండమన్న రోజు మీరు ఊరుకున్నారు. వేళకు కాఫీ, మందులు ఇచ్చేస్తే కోడలి బాధ్యత తీరిపోయిందని నేను అనుకోను. వచ్చినవాళ్లకు "మా అత్తగారు" అని చెప్పి పక్కన కూర్చోబెట్టుకోవాలి. మొదటిరోజే ఆ పని చేసి ఉంటే మీకు ఈ మోచేతి పోట్లు ఉండేవి కావని నా నమ్మకం.

ఆయనతో మాట్లాడండి. కారులో వద్దు. రాత్రి భోజనాలయ్యాక, ఇద్దరే ఉన్నప్పుడు. "నన్ను అడక్కుండా నా పేరున ఏదీ రాయించొద్దు. నలుగురిలో నన్ను పొడవొద్దు. ఈసారి అత్తయ్య కూడా మనతో వస్తున్నారు" అని చెప్పండి. వాదనకు దిగకండి, ఒకసారి చెప్పి మీ పని మీరు చూసుకోండి. కోపం వస్తుంది, రెండ్రోజులు ముఖం ముడుచుకుంటారు. ముడుచుకోనివ్వండి. ఆ తల్లి ఏం చేసిందో ఆయనకు మనం చెప్పక్కర్లేదు.

పాస్తా చేయాలని మీకు సరదాగా ఉంటే చేయండి, కొత్త వంట నేర్చుకుంటే తప్పేం లేదు. దాని పక్కన అరటికాయ కూర గిన్నె కూడా ఉండాలి. ఆవ అత్తగారినే నూరమనండి. ఈరోజే ఆవిడకు ఫోన్ చేయండి. శనివారం పొద్దున్న పలాసలో రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి మీ ఇంట్లో ఉంటారు.