మాలకొండకు బయల్దేరే ముందు

చిరంజీవి మేనల్లుడికి, కావలి నుంచి మామయ్య ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. 1996 మోడల్ మారుతి 800 కొన్నావట. అది దారిలో ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి మళ్లీ మామూలుగా స్టార్ట్ అవుతోందట. మెకానిక్ దగ్గరికి పోకుండా నువ్వే బాగు చేసి, శనివారం తనను మాలకొండ నరసింహస్వామి గుడికి తీసుకెళ్తానన్నావట. మన ఇంట్లో నా తర్వాత బానెట్ ఎత్తేవాడు ఇంకొకడు వచ్చాడని సంతోషమేసింది. రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేసి బిగించు. ఎర్త్ వైరు కదిపి చూడు. పెట్రోల్ ఫిల్టరు మార్చు. బండి ఆగినప్పుడు ట్యాంక్ మూత తియ్యి. గాలిని సర్రున లోపలికి పీల్చుకుంటే ట్యాంకుకు గాలి అందే దారి మూసుకుపోయినట్టు. ఇవి నీకు తెలిసే ఉంటాయి.

1994 ఎండాకాలంలో కందుకూరు పొగాకు వ్యాపారి ఒకాయన పెట్రోల్ అంబాసిడర్ తెచ్చాడు. పొద్దున బాగానే తిరుగుతుంది, మధ్యాహ్నం ఇరవై కిలోమీటర్లు పోగానే ఆగిపోతుంది. ఎండకు పెట్రోలు, దాన్ని ఇంజనుకు అందించే పంపులోనే ఆవిరైపోతోందనుకున్నా. గోనెగుడ్డ తడిపి పంపు మీద వేశా. పది నిమిషాలకు స్టార్ట్ అయింది. ఇంకేముంది, రోగం దొరికిందనుకున్నా. పంపు మార్చా, కార్బురేటర్ విప్పి కడిగా, పైపులు మార్చా. సాయంత్రం చల్లపూట ట్రయల్ వేశా, ఆగలేదు. డబ్బులు తీసుకుని పంపించేశా.

మూడో రోజు మధ్యాహ్నం ఆ కారు రైలు పట్టాల మీద ఆగిపోయింది. లోపల ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. గేటు వెయ్యబోతున్నతను పరుగెత్తుకొచ్చాడు, చుట్టూ ఉన్నవాళ్లు చెయ్యేసి తోశారు. పట్టాలు దాటిన కాసేపటికే రైలు పోయిందట. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. తాళాలు నా బల్ల మీద పెట్టడానికి చెయ్యి చాపితే, ఆ చెయ్యి ఇంకా వణుకుతోంది.

ఈసారి మిట్టమధ్యాహ్నం నేనే తిప్పా. ఆగిన క్షణంలోనే, పెట్రోలును నిప్పురవ్వతో మండించే ప్లగ్గు పీకి చూస్తే స్పార్కే లేదు. ప్లగ్గుకు కరెంట్ పంపే కాయిల్ మీద చెయ్యి పెట్టలేకపోయా, అంత వేడి. వేడెక్కితే లోపలి తీగ విడిపోతోంది, చల్లారితే మళ్లీ కలుస్తోంది. నేను గుడ్డ వేసింది పంపు మీద, ఆ పది నిమిషాల్లో చల్లారింది కాయిల్. గుడ్డ వెయ్యకపోయినా స్టార్ట్ అయ్యేదే. ఒకసారి వెయ్యకుండా చూద్దామన్న ఆలోచన నాకు రాలేదు.

అందుకే, బండి ఆగిన నిమిషంలోనే చూడాలిరా. టక్కున స్విచ్ ఆపినట్టు ఆగితే ముందు కరెంట్ వైపు చూడు. జెర్కులిస్తూ ఈడ్చుకుంటూ ఆగితే పెట్రోల్ వైపు. డిక్కీలో ఒక మంచి ప్లగ్గు ఉంచుకో. ఆగగానే ఒక ప్లగ్గు వైరు పీకి దానికి తగిలించి, ప్లగ్గు ఒంటిని ఇంజను ఇనుముకు ఆనించి, పక్కవాళ్లను సెల్ఫ్ కొట్టమను. వైరు వట్టి చేత్తో పట్టుకోకు. పెట్రోల్ వాసన వస్తుంటే ఈ పనే వద్దు. ఆగిన టైము, ఎన్ని కిలోమీటర్లకు ఆగింది, ట్యాంకులో ఎంత ఉంది, అన్నీ చిన్న పుస్తకంలో రాసుకో. ఒక్కసారికి ఒక్క పార్టే మార్చు. నాలుగూ కలిపి మార్చావని తెలిస్తే నెల్లూరు వచ్చి మరీ తంతాను.

ఎప్పుడైనా పట్టాల మీద ఆగితే ముందు మనుషుల్ని దించి దూరంగా పంపు. రైలు జాడ లేకపోతేనే, ఫస్ట్ గేర్ వేసి, క్లచ్ వదిలేసి, తాళం తిప్పి పట్టుకో. స్టార్టర్ మోటారే బండిని ఈడ్చుకుంటూ అవతలికి చేరుస్తుంది. రైలు వస్తుంటే బండిని వదిలేసి పరుగెత్తు. బండి పోతే పోయిందిరా నాయనా.

ఇలాంటి బండిలో అమ్మని కూర్చోబెట్టుకుని కొండ ఎక్కిస్తావా? ఎక్కుడులో ఇంజను ఇంకా వేడెక్కుతుంది. గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారని నీ తొందర. వచ్చే శనివారం కూడా తెరుస్తారు. ఈ వారం ఇద్దరూ బస్సులో వెళ్లిరండి. ఆదివారం మధ్యాహ్నం ఒక స్నేహితుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ట్రాఫిక్ లేని రోడ్డులో ఆగేదాకా తిప్పు. ఆగగానే ప్లగ్గు చూసి నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం నిద్రలో ఉంటానని ఊరుకోకు, లేపు.

మీ మామయ్య