జర్నలిజం పీజీ అయిపోయింది, నలుగురం ఒకే గదిలో ఉండి ఉద్యోగం వెతుకుతున్నాం: ఈ వేసవిని ఎలా వాడుకోవాలి?

మీరు రాసినదాన్ని బట్టి ఏప్రిల్‌లో కోర్సు అయిపోయింది, నలుగురు మిత్రులు విద్యానగర్‌లో గది తీసుకున్నారు, జులైలోపు ఏదో ఒక తెలుగు పత్రికలోనో చానల్‌లోనో చేరాలి. నలుగురూ ఒకచోట ఉంటే కబుర్లతోనే పొద్దు గడిచిపోతుందని ఇంట్లోవాళ్ల భయం. గది ఖాళీ చేయకండి. పత్రికాఫీసులో డెస్క్ అంటే ఒకరు రాసింది ఇంకొకరు చూడడమే. ఆ అలవాటు ఒంటరిగా కూర్చుంటే రాదు. మీ నలుగురికీ అది అద్దెతో పాటే దొరికింది.

ముందు పరీక్ష సంగతి. కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికేది డెస్క్‌లో కూర్చుని వార్తలు దిద్దే సబ్ ఎడిటర్ ఉద్యోగమే, రిపోర్టింగ్ కాదు. ఈనాడు, సాక్షి లాంటి సంస్థల జర్నలిజం స్కూళ్లకైనా, నేరుగా డెస్క్‌కైనా, వెబ్‌సైట్లకైనా ప్రవేశ పరీక్షలో ప్రధానమైనది ఇంగ్లిష్ నుంచి తెలుగు అనువాదం. మిగతావి వర్తమానాంశాలు, భాషాదోషాల సవరణ, ఒక వ్యాసం, ఆ తరువాత మౌఖిక పరీక్ష. ఎక్కువమంది వర్తమానాంశాల పుస్తకాల మీద రాత్రింబగళ్లు కూర్చుని అనువాదంలో పోతారు. ఇంగ్లిష్ అర్థం కాక కాదు, తెలుగు వాక్యం తెలుగులా నడవక.

ఒక వాక్యం చూడండి: "ముఖ్యమంత్రి ద్వారా ప్రారంభించబడిన పథకం కింద 12 లక్షల మంది రైతులు లబ్ధిని పొందగలరని అధికారులచే తెలియజేయబడింది." ఇందులో వ్యాకరణం తప్పు లేదు, అయినా ఏ డెస్క్ ఇన్‌చార్జీ దీన్ని పేజీలోకి పంపడు. "ముఖ్యమంత్రి ప్రారంభించిన ఈ పథకంతో 12 లక్షల మంది రైతులకు మేలు జరుగుతుందని అధికారులు తెలిపారు" అని రాస్తే కాపీ (రాసిన వార్త) చిన్నదైంది, చెవికీ ఇంపుగా ఉంది. "బడింది", "ద్వారా", "యొక్క", "కలిగి ఉంది" అనే నాలుగింటిని మీ కాపీలో వెతికి తీసేయండి. యంత్రానువాదం పెట్టి అతికించినా సరిగ్గా ఈ మాటలే బయటపెడతాయి. మొదటి పేరా చదవగానే తెలిసిపోతుంది.

అంకెల దగ్గర తప్పు చేస్తే భాష ఎంత బాగున్నా మార్కులుండవు. మిలియన్ అంటే 10 లక్షలు, బిలియన్ అంటే 100 కోట్లు, ట్రిలియన్ అంటే లక్ష కోట్లు. 2.4 బిలియన్ డాలర్లు అంటే 240 కోట్ల డాలర్లు. దాన్ని 24 కోట్లని రాసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ కనిపిస్తారు. నిరుద్యోగం 6 శాతం నుంచి 8 శాతానికి చేరితే పెరిగింది 2 శాతం కాదు, 2 శాతం పాయింట్లు. శాతంలో చెప్పాలంటే దాదాపు 33 శాతం పెరిగినట్టు. వడ్డీరేటు 25 బేసిస్ పాయింట్లు తగ్గిందంటే పావు శాతం పాయింటు తగ్గిందని.

నేరవార్తల్లో రెండు మూడు మెలికలు అడుగుతారు. కోర్టు తీర్పు చెప్పేదాకా నిందితుడే, దోషి కాదు. ఐపీసీ (భారత శిక్షాస్మృతి) స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చింది. హత్యకు పాత 302 పోయి 103 సెక్షన్, మోసానికి 420 పోయి 318. కానీ ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీ సెక్షన్లే ఉంటాయి. కాబట్టి కాపీలో 302 కనబడగానే దిద్దేయకుండా నేరం ఎప్పుడు జరిగిందో చూడాలి. అత్యాచార బాధితుల గుర్తింపు బయటపెట్టడం కొత్త సంహితలో 72వ సెక్షన్ కింద నేరం. పిల్లల కేసుల్లో, లైంగిక నేరాల నుంచి వాళ్లను కాపాడే పోక్సో చట్టం 23వ సెక్షన్ ఇంకా గట్టిది. పేరే కాదు, బడి, కుటుంబ వివరాలు, ఇల్లున్న చుట్టుపక్కల ప్రాంతం కూడా రాయకూడదు. పేరు తీసేసి తండ్రి వృత్తి, వీధి, చదివే బడి రాసేస్తే ఊరంతా గుర్తుపడుతుంది. పరీక్ష పేపర్‌లో ఇలాంటి కాపీ ఇచ్చి దిద్దమన్నారంటే వాళ్లు చూసేది ఈ జాగ్రత్తనే.

అక్షరదోషాలకు గోడ మీద ఒక కాగితం అంటించుకోండి. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం. అభ్యర్థి, విద్యార్థి రెండింటికీ "థి". ధ్రువీకరణ, నిర్ధారణ, మధ్యాహ్నం, చిహ్నం, ప్రతిష్ఠ. ఎవరు తప్పు రాస్తే వాళ్లే ఆ మాటను కాగితం మీదికి ఎక్కించాలి.

టైపింగ్ రాకపోతే మిగతావన్నీ వచ్చినా ఇబ్బందే. ఇంగ్లిష్ అక్షరాలు కొట్టి తెలుగు రప్పించే పద్ధతి చాటింగ్‌కు చాలు, డెస్క్‌కు చాలదు. కొన్ని పత్రికల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు, ఆపిల్ అనే కీబోర్డు వరసే నడుస్తాయి. వెబ్‌సైట్లకు ఏ ఫోన్‌లోనైనా కనిపించే యూనికోడ్ కావాలి, దానికి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వరస నేర్చుకోవడం మేలు. ఒకటి పట్టుకుని రోజూ గంట చొప్పున మూడు వారాలు చేస్తే చేయి తిరుగుతుంది. నిమిషానికి 25 పదాలు తప్పుల్లేకుండా పడితే కొత్తవాళ్లకు సరిపోతుందని నా లెక్క. యూనికోడ్‌లో ఒక చిన్న సంగతి చాలామంది పట్టించుకోరు: "హైదరాబాద్" పక్కన "లో" కొడితే రెండూ అతుక్కుని "హైదరాబాద్లో" అవుతుంది. మధ్యలో కంటికి కనిపించని జెడ్‌డబ్ల్యూఎన్‌జే అనే అక్షరం పెడితే "హైదరాబాద్‌లో" అని విడిగా నిలుస్తుంది. మీ కీబోర్డులో అది ఎక్కడుందో మొదటిరోజే వెతికి పెట్టుకోండి.

ఇక మీ నలుగురి దినచర్య. పొద్దున్నే చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకి వెళ్తే పత్రికలు కొనే పని లేదు. నలుగురూ నాలుగు పత్రికలు తీసుకుని ఒకే వార్తను పోల్చండి. ఎవరి ఇంట్రో (వార్త మొదటి పేరా) ఎక్కడ మొదలైంది, మృతుల సంఖ్య ఎందుకు తేడాగా ఉంది, ఒకరు బ్యానర్ (మొదటి పేజీ పెద్ద వార్త) చేసింది ఇంకొకరు లోపలి పేజీలో సింగిల్ కాలమ్ ఎందుకు చేశారు అన్నది మాట్లాడుకోండి. ఆ మాటలు టీ కొట్టు దగ్గర సాగినా పనే. సాయంత్రం అనువాదానికి నలుగురికీ వార్తాసంస్థ ఇచ్చిన ఒకే ఇంగ్లిష్ కాపీ, 300 పదాలది, 45 నిమిషాల గడువుతో. తరువాత కాగితాలు మార్చుకుని ఎర్ర పెన్నుతో దిద్దాలి. రాసినవాళ్లు "నా ఉద్దేశం అది కాదు" అని వివరణ ఇవ్వకూడదన్న నియమం ఒకటి పెట్టుకోండి. పాఠకుడి దగ్గరికి వెళ్లి ఎవరూ వివరించలేరు కదా. శీర్షిక మాత్రం ఒక్కొక్కరూ మూడేసి పెట్టాలి: ఆరు మాటలు మించకుండా రెండు, వెబ్‌కు పనికొచ్చేలా, జనం ఇంటర్నెట్‌లో వెతికే మాట ముందే వచ్చేది ఒకటి. రోజుకొకరు న్యూస్ ఎడిటర్. ఆ రోజు ఆ మనిషి మాటే చెల్లుతుంది.

ఆదివారం పూర్తిగా సెలవు పెట్టుకోండి. మే ఎండల్లో ఏడు రోజులూ ఇలా కూర్చుంటే మూడో వారానికి ఒకరి మొహం ఒకరు చూడలేరు. సినిమాకు వెళ్లండి, మామిడిపళ్లు తెచ్చుకుని తినండి, నిద్రపోండి. ఆ రోజు ఉద్యోగాల ఊసు వద్దు.

పనితనం చూపించే ఫైలు గురించి అడిగారు. ఆరు ముక్కలు చాలు: ఒక స్పాట్ వార్త, ఒక మానవీయ కథనం, పత్రాల ఆధారంగా రాసిన ఒక కథనం, మూలంతో సహా ఒక అనువాదం, ఒక ఇంటర్వ్యూ, ఫోన్‌లో నిలువుగా తీసిన 90 సెకన్ల వీడియో. కళాశాల ల్యాబ్ పత్రికలో వచ్చిన సదస్సు వార్తలు పెట్టకండి, వాటిని ఎవరూ చదవరు.

వేసవికి తగిన కథనాలు కళ్లెదుటే ఉంటాయి. యాసంగి (రబీ) ధాన్యం కొనుగోలు కేంద్రానికి ఉదయం 6 గంటలకు వెళ్లి ఎండ ముదిరేలోపు, పదిన్నరకల్లా వచ్చేయండి. "రైతుల కష్టాలు" అని రాయడానికి వెళ్లొద్దు, కాంటా దగ్గర నిలబడండి. తేమ 17 శాతం లోపుండాలన్నది నిబంధన. మీటరులో ఎంత చూపిస్తోందో, కుప్ప పైనుంచి తీసిన గింజలా అడుగు నుంచి తీసినవా చూడండి. 40 కిలోల బస్తాకు కాంటా మీద ఎంత పెడుతున్నారు, ఖాళీ సంచి బరువు ఎంత తీశారు, తాలు (పొల్లు గింజల) పేరుతో మిల్లులో ఎంత తరుగు తీస్తున్నారు, ఇవి ముగ్గురు రైతుల తక్‌పట్టీల (తూకం చీటీల) మీద సరిచూసుకోవాలి. కుప్ప పోసిన తేదీ, తూకం వేసిన తేదీ, లారీ ఎత్తిన తేదీ, లారీలోని సరుకు వివరాలుండే ట్రక్ షీట్ వచ్చిన తేదీ, డబ్బు ఖాతాలో పడిన తేదీ అన్నీ రాసుకోండి. ఈ ఐదు తేదీలు ఒక చిన్న బాక్సులో పెడితే మీ కథనానికి బలం అదే. కేంద్రం నిర్వాహకులతో, మిల్లరుతో, పౌరసరఫరాల అధికారితో మాట్లాడకుండా కాపీ ముగించొద్దు. ఒకవైపు మాటలే ఉన్న కథనాన్ని డెస్క్ వెనక్కి పంపుతుంది, పంపాలి కూడా.

పత్రాల కథనానికి సమాచార హక్కు చట్టం ఉంది. మే మొదటివారంలో అర్జీ పెడితే 30 రోజుల గడువు చొప్పున జూన్ మొదట్లో జవాబు రావాలి. మన దగ్గర గ్రామ స్థాయి కార్యాలయాలకు ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. "తాగునీటి సమస్యపై తీసుకున్న చర్యలు తెలపండి" అని అడిగితే ఒక వాక్యం జవాబు వస్తుంది. "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ట్యాంకర్ల ట్రిప్ షీట్ల నకళ్లు, చెల్లించిన బిల్లుల నకళ్లు" అని కాగితం పేరు పెట్టి అడగాలి. జవాబు రాకపోతే 30 రోజుల్లోపు మొదటి అప్పీలు చేయండి.

కథనాలు నలుగురూ పంచుకోండి. ఒకే కేంద్రానికి నలుగురూ వెళ్లి అదే రైతును మాట్లాడించి నాలుగు ఫైళ్లలో పెడితే ఇంటర్వ్యూ బోర్డు గుర్తుపడుతుంది. అప్పుడు అసలు రాసినవాళ్లకు కూడా అనుమానం అంటుకుంటుంది. ఇద్దరు కలిసి చేసిన పనైతే రాయకముందే బైలైన్ (కథనం మీద వేసే పేరు) ఎవరిదో తేల్చుకోవాలి. ఉద్యోగ ప్రకటన ఎవరి కంట పడినా అదేరోజు మిగతా ముగ్గురికీ చెప్పాలి. దాచిపెట్టిన ప్రకటన గదిలో తెలిస్తే స్నేహం పోతుంది, చెప్పినంత మాత్రాన అవకాశం పోదు.

దరఖాస్తు ఒక పేజీ, పీడీఎఫ్ మాత్రమే. అను ఫాంట్‌లో కొట్టిన వర్డ్ ఫైలు పంపితే ఆ ఫాంట్ లేని ఫోన్‌లో పిచ్చి అక్షరాలు కనిపిస్తాయి. ఫైలుకు "రెజ్యూమె ఫైనల్ 2" అని కాకుండా మీ పేరే పెట్టండి. మెయిల్‌లో నాలుగు వాక్యాలు చాలు: ఏ పనికి, ఏ కీబోర్డు వచ్చు, ఏ జిల్లా మీకు బాగా తెలుసు, ఎప్పుడు చేరగలరు. జిల్లా ఎడిషన్‌కైనా వెళ్తామని రాస్తే అవకాశాలు పెరుగుతాయి. వారానికి ఒకసారి గుర్తుచేయవచ్చు. పత్రిక డెస్క్‌కు ఫోన్ చేయాలన్నా కలవాలన్నా మధ్యాహ్నం రెండున్నర, నాలుగు మధ్య మంచిది. ఆరు దాటాక పేజీలు నడుస్తుంటాయి, విసుక్కోవడం సహజం. టీవీ వైపు వెళ్లేవాళ్లు ఒకే వార్తను మూడు రకాలుగా రాయడం నేర్చుకోండి: స్క్రోల్‌కు ఒక లైను, యాంకర్ చదివే మూడు లైన్లు, బైట్లతో (మనుషులు మాట్లాడిన ముక్కలతో) కలిపి నిమిషంన్నర ప్యాకేజీ. ఆకాశవాణి ప్రాంతీయ వార్తా విభాగాల క్యాజువల్ ప్యానెళ్ల (అవసరమైనప్పుడు పిలిచేవాళ్ల జాబితాల) ప్రకటనలు, ఫ్యాక్ట్‌లీ లాంటి నిజనిర్ధారణ సంస్థల ప్రకటనలు కూడా చూస్తూ ఉండండి. కొత్తవాళ్లు వీటివైపు తక్కువగా చూస్తారు.

ఉద్యోగం వచ్చిందనగానే సంతకం పెట్టేయొద్దు. చేతికి ఎంత వస్తుంది, పీఎఫ్ ఉందా, ప్రొబేషన్ ఎన్ని నెలలు, శిక్షణ తరువాత బాండ్ ఎన్నేళ్లు, మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, అన్నీ కాగితం మీద చూడండి. రాత్రి షిఫ్టు అయ్యేసరికి మెట్రో ఉండదు, క్యాబ్ ఇస్తారో లేదో అడగండి. అమ్మాయిలైతే ఇది తప్పనిసరి. సర్టిఫికెట్లు చూపించండి, నకళ్లు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం ఎవరి దగ్గరా వదలొద్దు. గుర్తింపు కార్డుకు, మైకు లోగోకు డిపాజిట్ అడిగినచోట కూర్చోకుండా లేచి వచ్చేయండి. మండలం నుంచి వార్తలు పంపే కంట్రిబ్యూటర్‌గా తీసుకుంటామంటే నెల జీతమా, అచ్చయిన వార్తను బట్టి డబ్బిచ్చే లైన్ అకౌంటా, ప్రకటనల టార్గెట్ ఎంత అని ముందే అడగాలి. ప్రకటన ఇచ్చినవాడి మీద వార్త రాయాల్సి వచ్చినప్పుడు నలిగేది మీరే.

చివరగా గది డబ్బు. నలుగురికీ ఒకేసారి ఉద్యోగాలు రావు. ఒకరికి కరీంనగర్‌లోనో రాజమహేంద్రవరంలోనో పోస్టింగ్ పడుతుంది, మిగిలిన ముగ్గురి మీద అద్దె పెరుగుతుంది. వెళ్లేవాళ్లు ఒక నెల వాటా ఇచ్చి వెళ్లాలని, అడ్వాన్సులో తమ భాగం గది ఖాళీ చేసినప్పుడే తీసుకోవాలని ఈ వారమే కూర్చుని రాసుకోండి. వెళ్లినవాళ్లు సాయంత్రం అనువాదానికి ఫోన్‌లో కలవచ్చు. ఆఫీసులో ఆ రోజు ఏ తప్పుకు తిట్లు పడ్డాయో చెబితే మిగతా ముగ్గురికీ అదే ఆ రోజు పాఠం.