ఫోటో దిగాడా, ఫోటోలో పడ్డాడా?

సందేహం: గుంటూరు మిర్చి యార్డులో హమాలీల పనిని నలుపు తెలుపు ఫోటోలుగా తీశాను. ఒకదాని కింద 'ఫోటో దిగిన ముఠా కార్మికుడు' అని రాస్తే, 'అతనెక్కడ దిగాడు? నువ్వు తీశావంతే' అన్నాడు మిత్రుడు. ఏది సరి? హమాలీ, కూలీ, శ్రామికుడు, వీటిలో ఏది వాడాలి? 'తెలుపు నలుపు' అనవచ్చా?

సమాధానం: మీ మిత్రుడి చెవి పదునైనది. ఫోటో 'తీయడం' కెమెరా పట్టినవాడి పని, 'దిగడం' ఎదుట నిలబడ్డవాడి పని. పెళ్లిలో జుట్టు సవరించుకుని, ఊపిరి బిగబట్టి మరీ దిగుతాం. మనిషి దిగాడంటే తెలిసి దిగినట్టే. బావిలో దిగినవాడు వేరు, పడ్డవాడు వేరు. మిర్చి టిక్కీ (బస్తా) వీపున వేసుకుని, తల వంచి, తన అడుగు తాను చూసుకుంటూ పోయేవాడు మీ ఫోటోలో పడ్డాడే గానీ దిగలేదు.

అలాగని 'ఫోటోలో పడ్డ' అని రాసినా పేచీయే. దారినపోతూ ఓ మూలకు వచ్చినవాడనిపిస్తుంది, మీరు గురిచూసి తీసింది అతన్నే కదా! ఇక 'కెమెరాకు చిక్కిన' జోలికి అసలు పోకండి. పత్రికలు ఆ మాటను దొంగలకూ చిరుతపులులకూ రాసిచ్చేశాయి. నన్నడిగితే ఫోటో ఊసే ఎత్తను. 'టిక్కీ మోస్తున్న హమాలీ, మిర్చి యార్డు' చాలు. ఎవరైనా బరువు దించి, మీవైపు తిరిగి, నవ్వుతూ నిలబడి ఉంటే అక్కడ మాత్రం 'దిగిన' అని నిక్షేపంగా రాసుకోండి.

'కూలి' అంటే కష్టానికిచ్చే డబ్బు. ఆ డబ్బుకు పనిచేసే మనిషికీ చివర దీర్ఘంతో అదే పేరైంది. 'శ్రామికుడు' సభల్లో బాగుంటుంది, బస్తా కింద ఉన్న మనిషిని అలా ఎవరూ పిలవరు. 'హమాలీ' మోతకు సంబంధించిన అరబీ మాట నుంచి వచ్చింది. యార్డులో వాళ్లు చెప్పుకునే పేరూ అదే, కాబట్టి నా ఓటు దానికే. 'ముఠా' సంగతి చిత్రమైనది. గుంటూరు, బెజవాడ బజార్లలో అది బస్తాలెత్తే జట్టు, పేపరు తిరగేస్తే దొంగనోట్ల ముఠా. అందుకే ఒంటిగా 'ముఠా' అనకుండా మీరు రాసినట్టు 'ముఠా కార్మికుడు' అనడమే క్షేమం.

'తెలుపు నలుపు' తప్పు కాదు గానీ, వాడుకలో నలిగింది 'నలుపు తెలుపే'. ఎర్రటి మిర్చిని ఆ రెండు రంగుల్లో తీయడానికి మాత్రం, గుంటూరులో ఉంటూ, ధైర్యం కావాలి.