ఆదివారం వండి వారమంతా వాడుకోవడం గురించి కోడలికి

చిరంజీవి సౌభాగ్యవతి కోడలికి కావలి నుంచి అత్తయ్య ఆశీస్సులు.

నువ్వు ఆఫీసు నుంచి ఒంగోలులో ఇల్లు చేరేసరికి రాత్రి అవుతోందనీ, ఇకపై ఆదివారమే వారానికి సరిపడా వండి ఫ్రీజర్‌లో పెట్టుకోవాలనుకుంటున్నావనీ అబ్బాయి చెప్పాడు. మంచి ఆలోచన, తప్పకుండా చెయ్యి. అయితే పూర్తయిన కూరను కాకుండా, వంటలో ఎక్కువ సమయం తీసుకునే భాగాన్నే దాచుకోమని నా సలహా. కందిపప్పు ఉడికించి మెదుపుకోవడం, గోంగూర ఏరి కడిగి మగ్గబెట్టడం, ఉల్లిపాయలు, టమాటాలు నూనె తేలేదాకా వేయించడం ఆదివారమే పూర్తిచేసుకుంటే, తాలింపు ఏ పూటకాపూట పెట్టుకోవచ్చు. ఆవాలు చిటపటలాడి ఎండుమిర్చి, కరివేపాకు వేగిన వాసన వచ్చాక, ఆ పప్పు ఎప్పుడు ఉడికిందో తినేవాళ్లకు తెలియదు.

చేపల పులుసుకూ ఇదే పద్ధతి. చింతపండు పులుసును ఉల్లిపాయ, కారం, ధనియాల పొడితో చిక్కగా కాచి దాచుకో. చేప ముక్కలనూ మామిడికాయ ముక్కలనూ మాత్రం వండే రోజునే, పులుసు మరుగుతుండగా వెయ్యి. వండి గడ్డకట్టించిన చేపను మళ్లీ వేడిచేస్తే గరిటె తగలగానే విరిగిపోతుంది. మన నెల్లూరు వాళ్లు దాన్ని పులుసని ఒప్పుకోరు. బంగాళాదుంప ముక్కలు పిండిపిండిగా అయిపోతాయి, పెరుగు వేసిన కూరలు విరిగిపోతాయి, కనుక వాటి జోలికి పోవద్దు.

అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవలసింది చల్లార్చడం. 5 నుంచి 60 డిగ్రీల మధ్య వేడిలో సూక్ష్మజీవులు త్వరగా పెరుగుతాయి కాబట్టి వండిన పదార్థాన్ని 2 గంటల్లోపు, గది వేడి 32 డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో గంటలోపే, ఫ్రిజ్‌లోకి చేర్చాలి. గిన్నెడు పప్పును అలాగే మూతపెట్టి పొయ్యి గట్టు మీద వదిలేస్తే, పైన చల్లబడినట్టు కనిపించినా నడుమ చాలాసేపు వేడిగానే ఉంటుంది. అందుకే వెడల్పాటి పళ్లేల్లో రెండు వేళ్ల మందాన పరిచి, ఆ పళ్లేలను చన్నీళ్ల తొట్టిలో ఉంచి, నీళ్లు వేడెక్కినప్పుడల్లా మారుస్తూ ఉండు. చల్లారాక ఒక్క పూటకు సరిపోయేంత చొప్పున డబ్బాల్లో సర్దు. గడ్డకట్టేటప్పుడు నీరు వ్యాకోచిస్తుంది కాబట్టి పైన అంగుళం ఖాళీ వదిలి, మూత మీద తేదీ రాసిన కాగితం అంటించు. ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంటే రెండు నెలల వరకూ రుచి పెద్దగా తగ్గదు గానీ, నెలలోపే వాడెయ్యడం మేలు.

మర్నాటికి కావలసిన డబ్బాను ముందు రాత్రే ఫ్రిజ్ కింది అరలోకి దించుకో, గట్టు మీద పెట్టి కరగనివ్వకు. తెల్లారాక కుతకుత ఉడికేదాకా కాచి తినండి, మిగిలితే మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టవద్దు. అన్నం ఏ పూటకాపూట కుక్కర్‌లో వండుకోవడమే నయం. తుఫాను రోజుల్లో కరెంటు పోతే ఫ్రీజర్ తలుపు తెరవకు. కరెంటు వచ్చాక చూసినప్పుడు డబ్బాలో మంచు పలుకులన్నీ కరిగిపోయి, ముట్టుకుంటే ఫ్రిజ్‌లో ఉన్నంత చల్లదనం కూడా లేకపోతే, ఎంత కష్టపడి వండినదైనా పారబోసెయ్యి.