క్యాన్సర్ చికిత్స తర్వాత మళ్లీ గజ్జె కట్టవచ్చా?

ప్రశ్న: నా వయసు 47. చిన్నతనంలో కూచిపూడి నేర్చుకుని, పెళ్లయ్యాక మానేశాను. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ పూర్తయి ఏడాదైంది. ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను తగ్గించే లెట్రోజోల్ మాత్ర వాడుతున్నాను. అరికాళ్లలో తిమ్మిరి, ఒంట్లో నీరసం ఇంకా పోలేదు. మళ్లీ సాధన మొదలుపెట్టి పిల్లలకు నేర్పాలని ఉంది. ఇంట్లోవాళ్లు మాత్రం విశ్రాంతి తీసుకోమంటున్నారు. నాట్యం చేయవచ్చా? - ఒక సోదరి

జవాబు: చేయవచ్చు, కాకపోతే కాళ్ల సంగతి చూసుకున్నాకే. మీవాళ్ల భయం అర్థం చేసుకోదగినదే అయినా, చికిత్స తర్వాత మిగిలిపోయే నీరసం విశ్రాంతితో తీరేది కాదు; మెల్లమెల్లగా పెంచుకుంటూ పోయే వ్యాయామంతో అది తగ్గుతుందని అధ్యయనాలు చెబుతున్నాయి. లెట్రోజోల్ వల్ల వచ్చే కీళ్లనొప్పులకూ వ్యాయామం మేలు చేస్తుంది. హైదరాబాద్‌కు చెందిన నర్తకి ఆనందా శంకర్ జయంత్ 2008లో రొమ్ము క్యాన్సర్ బయటపడ్డాక చికిత్స సాగుతుండగానే నాట్యం కొనసాగించారు. అయితే నిత్యసాధనలో ఉన్న శరీరం వేరు, ఏళ్ల తరబడి ఆపేసిన శరీరం వేరు. పైగా నాట్యం క్యాన్సర్‌కు మందు కాదు కాబట్టి మాత్రలు, పరీక్షలు యథాతథంగా సాగాలి.

కొన్ని కీమో మందులు పాదాల నరాలను దెబ్బతీయడం వల్ల తిమ్మిరి వస్తుంది. అప్పుడు అడుగు నేలకు ఎంత బలంగా తగులుతోందో మీకు సరిగా తెలియదు, తూలిపడే ప్రమాదమూ ఉంటుంది. అందుచేత సిమెంటు, గ్రానైట్ నేల మీద గట్టిగా తట్టకండి. మొదటి వారాల్లో గోడ పక్కన నిలబడి, అరమండిలో (మోకాళ్లు పక్కలకు వంచి నిలిచే భంగిమలో) సగం లోతు వరకే కూర్చుని, విలంబ కాలంలో, అంటే నెమ్మదిగా, అడుగులు వేయండి. సాధన ముగిశాక అరికాళ్లను, గజ్జెల పట్టీ ఒరుసుకునే చీలమండలను వెలుతురులో చూసుకోండి, ఎందుకంటే తిమ్మిరెక్కిన చర్మం మీద పుండు పడినా నొప్పి తెలియదు. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడే తరంగం ఆలోచన ఇప్పటికి వద్దు.

లెట్రోజోల్ ఎముకలను పలచబరుస్తుంది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ ఫలితం చూశాకే గెంతులు, చురుకైన తీర్మానాల (ముగింపు అడుగుల వరుసల) జోలికి వెళ్లండి. గుండెపై ప్రభావం చూపే డోక్సోరుబిసిన్, ట్రాస్టుజుమాబ్ వంటి మందులు మీకు ఇచ్చి ఉంటే గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష గురించి మీ డాక్టరును అడగండి. ఆపరేషన్ జరిగిన వైపు చేతిని భుజం ఎత్తున నిలపడానికి తొందర వద్దు, ఫిజియోథెరపిస్టు సాయంతో రోజూ కొద్దికొద్దిగా సాగదీయండి.

శ్రమ మోతాదు తెలుసుకోవడానికి యంత్రాలేమీ అక్కర్లేదు. జతిని (అడుగులకు తగ్గ తాళపు పలుకులను) నోటితో చెబుతూ అడుగు వేయగలిగితే సరిపోయినట్టు. మాట తెగిపోతుంటే వేగం తగ్గించండి. వారానికి మొత్తం 150 నిమిషాల మధ్యస్థ శ్రమ లక్ష్యమైనా, పది నిమిషాల విడతలతో మొదలుపెట్టవచ్చు.

నా ఉద్దేశంలో మీరు ముందు బోధన మొదలుపెట్టి, తర్వాత పూర్తి సాధనకు రావడం మేలు. కూర్చుని తాళం వేస్తూ, హస్తాలు, అభినయం నేర్పడం కాళ్లకు భారం కాదు, పైగా వారానికి రెండు తరగతులుంటే ఓ క్రమం ఏర్పడుతుంది. చేయి వాచినా, ఎముకల్లో కొత్త నొప్పి మొదలైనా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా సాధన ఆపి వెంటనే మీ ఆంకాలజిస్టును (క్యాన్సర్ డాక్టరును) కలవండి.