క్వారీవాళ్ళు వెళ్ళిపోయారు, గుంటలు మిగిలాయి - ఎవరు బాగుచెయ్యాలి?

ప్రశ్న: లాయర్ గారూ, మాది అనకాపల్లి జిల్లా. మా మడి పక్కన మెరక మీద గ్రావెల్ క్వారీ మూడేళ్ళు నడిచి, లీజు అయిపోయిందని పోయినేడు మిషన్లు తీసుకెళ్ళిపోయారు. పెద్ద గుంటలు అలాగే వదిలేశారు, వానకి ఎర్రమట్టి కొట్టుకొచ్చి మా మళ్ళో మేట వేసింది, గట్టు కూడా బీటలిచ్చింది. మా నాన్న కూడా అరెకరంలో గ్రావెల్ తీసుకోమని స్టాంపు పేపర్ మీద సంతకం పెట్టాడు. ఇప్పుడు మేం ఎవర్ని అడగాలి?

జవాబు: తమ్ముడూ, లీజు తేదీ అయిపోగానే చేతులు దులిపేసుకుని పోవడానికి చట్టంలో దారి లేదు. గ్రావెల్ చిన్న తరహా ఖనిజం కాబట్టి లీజు రాష్ట్ర గనుల శాఖే ఇస్తుంది, కానీ దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2012 ఫిబ్రవరి 27న 5 హెక్టార్ల లోపు క్వారీకైనా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనని చెప్పింది. ఆ అనుమతి పత్రమే మీకు ఆయుధం, ఎందుకంటే పైమట్టి విడిగా దాచాలి, చుట్టూ కాలవ తవ్వాలి, మొక్కలు పెంచాలి లాంటి షరతులు మామూలుగా అందులోనే రాసుంటాయి. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇంకో మాట కూడా అంది, తవ్వకం అయ్యాక ఆ నేలలో మళ్ళీ గడ్డి మొలిచేలా, పశువుల మేతకి పనికొచ్చేలా లీజుదారే బాగుచెయ్యాలని.

అయితే ఫిర్యాదు పెట్టేముందు మీ నాన్నగారి అరెకరం సంగతి చూడండి. ఆ సర్వే నంబర్ లీజులో ఉందా లేదా? పట్టా మనదైనా పర్మిట్ లేకుండా గ్రావెల్ తియ్యనివ్వకూడదు, లీజు బయట తవ్వితే నోటీసు ఆయనకీ రావచ్చు. చెప్పడానికి కష్టంగానే ఉంది గానీ ఇది దాచి కేసు వేస్తే అవతలివాళ్ళు మొదట దాన్నే బయటికి లాగుతారు. కాబట్టి లీజు ఆర్డర్, స్కెచ్, మైనింగ్ ప్లాన్, అనుమతి షరతులు, ఆర్నెల్లకోసారి ఇవ్వాల్సిన రిపోర్టులు కావాలని జిల్లా గనుల ఆఫీసుకి 10 రూపాయల ఫీజుతో ఆర్‌టీఐ పెట్టండి, 30 రోజుల్లో ఇవ్వాలి. అనుమతి పత్రం కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ పరివేశ్ పోర్టల్లో కూడా వెతకండి.

ఈలోపు సాక్ష్యం పోగుచెయ్యండి. తాడుకి రాయి కట్టి గుంటలోకి దింపి లోతు కొలవండి, సర్వే రాయి కనపడేలా ఫోటో తియ్యండి, గట్టు మీద బీటలో స్కేలు పెట్టి తియ్యండి, వారం తర్వాత అదే చోట మళ్ళీ తియ్యండి. మట్టి గ్రావెల్ లాంటి నేలలో అంచు 45 డిగ్రీలకి మించని వాలుగా అయినా ఉండాలి, లేదా మెట్టు ఎత్తు ఒకటిన్నర మీటరు దాటకుండా మెట్లు మెట్లుగా అయినా ఉండాలి, గని భద్రతా నియమాల్లోనే ఉంది. నేను వెళ్ళి చూసిన క్వారీల్లో చాలా వరకు నిలువుగా గోడలా ఉండేవి, పైన నిలబడితే కాళ్ళ కింద మట్టి జారేది.

అర్జీ కలెక్టర్‌కి, గనుల అధికారికి, కాలుష్య నియంత్రణ మండలికి ముగ్గురికీ పెట్టండి. ఒక మాట, తీసిన గ్రావెల్ రోడ్ల కింద పడిపోయింది, గుంట మొత్తం పూడ్చమంటే మట్టి ఎక్కణ్ణుంచి తెస్తారు, ఇంకో మెరక తవ్వాలి. అందుకే అంచులు వాలు చెయ్యడం, పైమట్టి పరచడం, గడ్డీ చెట్లూ వెయ్యడం, వాన నీళ్ళు మీ మడి మీదకి కాకుండా గెడ్డలోకి, అంటే వాగులోకి పోయేలా కాలవ, ఇవి అడగండి. చెత్తతో పూడుస్తామంటే ఒప్పుకోకండి, ఊరి బావుల్లోకి దిగుతుంది.

ఇంతకీ కదలకపోతే పర్యావరణ కేసులు వినే కోర్టు లాంటిది, చెన్నైలోని జాతీయ హరిత ట్రైబ్యునల్. ఆ ట్రైబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద వివాదానికి 6 నెలలే గడువు, మీకది దాటిపోయింది. సెక్షన్ 15 కింద పరిహారం, భూమిని మళ్ళీ బాగుచేయించడం అడగడానికి కారణం మొదట పుట్టిన రోజు నుంచి 5 ఏళ్ళుంది, ఆ లెక్క క్వారీ ఆగినప్పటి నుంచి కాకుండా మట్టి మొదటిసారి మీ మడిలోకి వచ్చినప్పటి నుంచే వేసుకోండి. పరిహారం అడక్కపోతే ఫీజు 1000 రూపాయలు, అడిగితే ఆ మొత్తంలో 1 శాతం, అదీ 1000కి తగ్గకుండా.

అన్నిటికంటే ముందు కంచె. నీళ్ళు నిండిన గుంటలో ఈతకని దిగి పిల్లలు పోయారనే వార్త ప్రతి వేసవిలోనూ చదువుతున్నాం, నాకు నిద్ర పట్టదు. కాబట్టి అర్జీలో మొదటి లైనే వెంటనే కంచె వేయించమని రాయండి, సోమవారం గ్రీవెన్స్‌లో ఇచ్చి మీ కాపీ మీద స్టాంపూ తేదీ వేయించుకునే బయటికి రండి.